విరామంలోనూ దించని వయలిన్: ఎడమచేతి తిమ్మిరి మీద ఒక కేస్ స్టడీ

కర్నూలులో ఫిజియోథెరపీ క్లినిక్‌కు మోచేతి నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొలం పని, రాతి పని, కంప్యూటర్ పని చేసేవాళ్లు. సంగీతకారులు అరుదు. ఈ కేసు రాయడానికి కారణం అది ఒక్కటే కాదు. ఇందులో వాడిన చికిత్సలో కొత్త ఏమీ లేదు, ఏ పాఠ్యపుస్తకం తీసినా ఉంటుంది. కానీ చేతి నరం ఎందుకు నలుగుతోందో క్లినిక్ గదిలో తేలలేదు. రిహార్సల్ గదిలో తేలింది, అది కూడా ఈ వయలిన్ కళాకారిణి వాయించని నిమిషాల్లో.

ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు పెద్దదే కానీ ఇక్కడ వయలిన్ లోకం చిన్నది. అందుకని వయసు, బృందం, కచేరీ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆమెకు 30 దాటాయి. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుని, గాత్ర కచేరీలకు పక్కవాద్యం వాయిస్తారు. ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతారు. పొద్దున్నే, అమెరికాలో సాయంత్రం అయ్యే వేళకు, అక్కడి తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు తీసుకుంటారు. రాబడిలో పెద్ద భాగం ఆ క్లాసులదే.

నా దగ్గరికి రావడానికి ఏడాది ముందు ఆమె ఒక ఛేంబర్ బృందంలో చేరారు. ఛేంబర్ సంగీతం అంటే ఎదురుగా నిలబడి చేతులతో నడిపించే కండక్టర్ ఉండడు, ఒక్కో భాగానికి ఒక్కరే ఉంటారు, తప్పు వాయిస్తే ఇంకొకరి వెనక దాక్కోవడానికి చోటుండదు. ఈ బృందంలో రెండు వయలిన్లు, ఒక వయోలా (కొంచెం పెద్ద వయలిన్), ఒక చెల్లో (నిలబెట్టి వాయించే ఇంకా పెద్దది), వేణువు, మృదంగం. రాగాల మీద కట్టిన కొత్త రచనలను పాశ్చాత్య పద్ధతిలో రాసుకుని వాయిస్తారు. చెల్లో హైదరాబాద్ నుంచి, వయోలా బెంగళూరు నుంచి వస్తాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు ఆ రెండు ఊళ్లకూ మధ్యలో పడుతుంది కాబట్టి ఆదివారం రిహార్సల్ ఇక్కడే, ఒక కల్యాణ మండపం పైఅంతస్తు గదిలో.

కేసు అర్థం కావాలంటే ఆమె శరీరం ఏ భంగిమ నుంచి ఏ భంగిమకు మారిందో తెలియాలి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు (1786–1859) కాలంలో వయలిన్ మన సంగీతంలోకి వచ్చింది. వచ్చాక కూర్చునే తీరు మనదైపోయింది. నేల మీద బాసింపట్టు, వయలిన్ ఒక కొస ఎడమ రొమ్ముకు, మరో కొస కుడి చీలమండకు ఆని ఉంటుంది. వాయిద్యం బరువును కాలు మోస్తుంది. ఎడమ చెయ్యికి మోసే పని లేదు, తీగ మీద జారడమే పని. స్వరాలను ఊపి, జార్చే గమకాలు పలికేది అందువల్లే. పాశ్చాత్య పద్ధతిలో వయలిన్‌ను భుజానికీ దవడకూ మధ్య పెట్టి పట్టుకోవాలి. అందుకు గడ్డం కింద ఒక చెక్క ఉంటుంది, దాన్ని 1820 ప్రాంతంలో లూయీ ష్పోర్ అనే జర్మన్ విద్వాంసుడు ప్రవేశపెట్టాడని చెబుతారు. మనవాళ్ల వయలిన్ల మీద కూడా ఆ చెక్క ఉంటుంది, చాలామంది దాన్ని జీవితంలో ఒక్కసారి కూడా వాడరు. ఈమె కూడా బృందంలో చేరేదాకా వాడలేదు.

ఇంకో తేడా వేళ్లది. మన పద్ధతిలో చూపుడువేలు, మధ్యవేలు ఎక్కువ పని చేస్తాయి. బృందం రచనల్లో చిటికెన వేలికి బాగా పని ఉంది. కింది స్థాయి తీగ మీద చిటికెన వేలు అందాలంటే ముంజేతిని బాగా తిప్పి, మోచేతిని వయలిన్ కిందుగా లోపలికి తేవాలి.

ఆమె చెప్పిన సమస్య

ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఐదు నెలలుగా ఉంది, ఈ మధ్య ఎక్కువైంది.

"రాత్రిపూట చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తాది సార్. దులపరిస్తే తగ్గుతాది. వాయించేటప్పుడు దులపరించేదానికి యాడ కుదురుతాది?"

రిహార్సల్ మొదలైన పావుగంటలోపే తిమ్మిరి మొదలవుతోంది. చిటికెన వేలు తీగ మీద సరిగా నొక్కుకోవడం లేదు. మెడ ఎడమవైపు పట్టేస్తోంది. వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి. ఫోకల్ డిస్టోనియా (వేళ్లు అదుపు తప్పే జబ్బు) గురించి ఇంటర్నెట్‌లో చదివి, వేళ్లు ఇక ఎప్పటికీ మాట వినవేమోనని ఆమె నిద్ర పాడు చేసుకున్నారు.

అప్పటికే వేరే చోట్ల చూపించుకున్నారు. నొప్పి మాత్రలు, బీ12 మాత్రలు వాడారు. ఎక్స్‌రేలో మెడ ఎముకలు కొద్దిగా అరిగినట్టుందని మెడకు కాలర్ వేశారు. మూడు వారాలు వయలిన్ ముట్టుకోవద్దన్నారు. మెడ ఎక్స్‌రేలో అరుగుదల, ఏ బాధా లేనివాళ్లలో కూడా కనిపించే సంగతే, దాన్ని పట్టుకుని వేళ్ల తిమ్మిరిని వివరించడం తొందరపాటు. విశ్రాంతి మాత్రం పని చేసింది. ఆ మూడు వారాల్లో తిమ్మిరి దాదాపు పోయింది. మళ్లీ వాయించడం మొదలుపెట్టిన వారం ఇంట్లో రోజూ సాధన చేశారు, ఒక గాత్ర కచేరీకి కూడా వాయించారు, ఏమీ కాలేదు. ఆదివారం రిహార్సల్‌కు వెళ్లారు, ఆ రాత్రే చెయ్యి మొద్దుబారింది. ఈ ఒక్క వాక్యాన్ని నా నోట్స్‌లో గీత గీసి పెట్టుకున్నాను. వాయించడమే కారణమైతే కచేరీ రోజే రావాలి కదా.

పరీక్షలో ఏం తేలింది

మొదట తేల్చుకోవాల్సింది నరం ఎక్కడ నలుగుతోందన్నది: మెడ దగ్గరా, మోచేతి దగ్గరా, మణికట్టు దగ్గరా?

ఉంగరపు వేలు చాలా విషయం చెబుతుంది. ఆమెకు ఆ వేలిలో చిటికెన వేలి వైపు సగమే మొద్దుబారుతోంది, మధ్యవేలి వైపు సగం మామూలుగా ఉంది. అలా వేలు సగానికి చీలినట్టు ఉంటే అనుమానం మోచేతి వెనక నుంచి చిటికెన వేలిదాకా పోయే అల్నార్ నరం మీదికి పోతుంది, మెడలో బయలుదేరే సీ8 అనే నరం వేరు మీదికి కాదు. ముంజేయి లోపలి అంచున స్పర్శ బాగుంది. ఆ చోటు అల్నార్ నరానిది కాదు, మెడ దిగువ వేర్ల నుంచి వచ్చే వేరే నరానిది, కాబట్టి మెడ మీద అనుమానం ఇంకొంచెం తగ్గింది. చెయ్యి వెనక, చిటికెన వేలి వైపు స్పర్శ మందగించింది. మణికట్టు దగ్గర నలిగితే ఆ భాగం మామూలుగానే ఉంటుంది. మెడను వెనక్కీ పక్కకూ వంచి తల మీద నొక్కితే (స్పర్లింగ్ పరీక్ష) చేతిలోకి ఏమీ రాలేదు. మోచేతి లోపలి బుడిపె వెనక, గుద్దుకుంటే షాక్ కొట్టినట్టుండే ఆ చోట, వేలితో తడితే చిటికెన వేలిదాకా జివ్వుమంది. మోచేతిని పూర్తిగా వంచి మణికట్టు వెనక్కి పెట్టి ఉంచితే అరనిమిషంలో తిమ్మిరి మొదలైంది.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగే ఫ్రోమెంట్ పరీక్షలో బలహీనత లేదు. చేతి కండ ఎక్కడా కరగలేదు. న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపితే నరాల వేగం పరీక్ష మామూలుగా వచ్చింది. రిపోర్టు చూసి ఆమె కుంగిపోయారు, "అంటే ఇదంతా నా మనసులో ఉందా సార్?" అని. లేదు. తొలి దశలో, తిమ్మిరి వచ్చి పోతూ ఉన్నప్పుడు, ఆ పరీక్ష మామూలుగా ఉండడం కొత్తేమీ కాదు. నాకు ఆ రిపోర్టు పనికొచ్చింది ఒక్కందుకు: ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిన అవసరం ఇప్పుడు లేదు, వ్యాయామం, అలవాట్ల మార్పుతో ప్రయత్నించడానికి సమయం ఉంది. డిస్టోనియా భయం కూడా అక్కడే తీర్చాను. డిస్టోనియాలో సాధారణంగా నొప్పి, మొద్దుబారడం ఉండవు, వేలు తనంతట తాను ముడుచుకుపోతుంది. ఈమె వేలు ముడుచుకోవడం లేదు, తెలియకుండా పోతోంది.

మోచేతి దగ్గర అల్నార్ నరం ఎముక వెనక నుంచి ఒక ఇరుకు దారిలో పోతుంది. చెయ్యి వంచినకొద్దీ ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, నరం సాగుతుంది. కాసేపు వంచి చాచితే ఏమీ కాదు. వంచి అలాగే పట్టుకుంటే నరానికి రక్తం సరిగా అందదు. ఎంతసేపు వంచి ఉంచారన్నది, ఎన్నిసార్లు వంచారన్న దానికంటే ముఖ్యం.

మొదటి ప్రయత్నాలు

ఇంటి నుంచి మొదలుపెట్టాను, మార్చడం తేలిక కాబట్టి. ఆమె ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంటారు. మోచేతి చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టి, పూర్తిగా వంగకుండా కట్టుకుని పడుకోమన్నాను. ఆన్‌లైన్ క్లాసులో ఎడమ మోచేతిని బల్ల అంచుకు ఆనించి గంటసేపు కూర్చుంటున్నారు. మోచేతి కింద మెత్త, ఫోన్‌కు హెడ్‌సెట్. రెండు వారాల్లో రాత్రి మెలకువలు దాదాపు ఆగిపోయాయి. రోగ నిర్ధారణ సరైనదే అనడానికి అదో సాక్ష్యం. రిహార్సల్ తిమ్మిరి మాత్రం అంగుళం కదల్లేదు.

భుజం మీద పెట్టుకునే షోల్డర్ రెస్ట్ ఎత్తు మార్చాం. మెడ పట్టేయడం తగ్గింది. వేళ్లు అలాగే ఉన్నాయి. నరం తన దారిలో ఇరుక్కోకుండా జారేట్టు చేసే వ్యాయామాలు ఇచ్చాను. సంగీతకారులకు ఏ వ్యాయామం ఇచ్చినా సాధన చేసినట్టు చేస్తారు, అదో చిక్కు. రోజుకు రెండుసార్లు, సుతారంగా చేయమంటే ఆమె పూటపూటకూ, గట్టిగా సాగదీసి చేశారు, తిమ్మిరి పెరిగింది. కొన్నాళ్లు పూర్తిగా మాన్పించాను.

తర్వాత వయలిన్ తీసుకుని క్లినిక్‌కు రమ్మన్నాను. నేల మీద కూర్చుని వాయించారు, కుర్చీలో కూర్చుని బృందం రచన కూడా వాయించారు. 20 నిమిషాలు ఆపకుండా వాయించినా తిమ్మిరి లీలగా వచ్చిందంతే. రిహార్సల్‌లో పావుగంటకే వచ్చేది ఇక్కడ ఎందుకు రాలేదు? అదే రచన, అదే వయలిన్, అదే చెయ్యి. ఇక్కడ లేనిదీ అక్కడ ఉన్నదీ ఏదో ఉండాలి. భంగిమను మొత్తం మార్చేద్దామన్న ఆలోచనను పక్కన పెట్టి, ముందు ఆ గది చూడాలనుకున్నాను. బృందం ఒప్పుకుంది.

రిహార్సల్ గదిలో

ఎండాకాలం. గదిలో ఫ్యాన్లున్నాయి కానీ ఆపేశారు, నొటేషన్ కాగితాలు ఎగిరిపోతాయని. అందరికీ చెమటలు. చెమటకు వయలిన్ జారుతోంది, జారకుండా ఆమె దవడతో ఇంకా గట్టిగా నొక్కుతున్నారు. కుర్చీలు కల్యాణ మండపంవి, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు. కూర్చునే చోటు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి నడుము కూరుకుపోతుంది. ఎడమవైపు కుర్చీ చెయ్యి అడ్డం వచ్చి మోచేతిని ఒంటికి దగ్గరగా ఎత్తి పెట్టుకోవాల్సి వస్తోంది. స్టాండు ఇద్దరు వయలిన్ వాళ్లకూ కలిపి ఒకటే.

ఇవన్నీ లెక్కలోకి వచ్చేవే. కానీ నా కళ్లు ఆగింది వేరేచోట. వాయించే పని లేనప్పుడు రెండో వయలిన్ అబ్బాయి వాయిద్యం దించి తొడ మీద పెట్టుకుంటాడు. వయోలా కూడా అంతే. ఈమె దించడం లేదు. భుజం మీదే ఉంచి, మోచెయ్యి వంచి, వేళ్లు తీగ మీద పెట్టి, కాగితం మీంచి చూపు తిప్పకుండా ఎదురుచూస్తున్నారు. ఫోన్‌లో సమయం చూశాను. ఒక భాగంలో దాదాపు తొమ్మిది నిమిషాలు వయలిన్ కిందికి దిగలేదు. అందులో ఆమె వాయించింది సగం కూడా లేదు. క్లినిక్‌లో వాయించినప్పుడు విరామాలు లేవు, ఎదురుచూపు లేదు. చేతులు కదులుతూనే ఉన్నాయి, రచన ఒక చోట ఆగితే ఆమె కూడా చెయ్యి చాచి పేజీ తిప్పుకున్నారు.

టీ తాగేటప్పుడు అడిగాను, ఎందుకు దించరని.

"ఎక్కడ ఎత్తుకోవాలో తప్పిపోతానేమోనని టెన్షన్ సార్. వాళ్లందరూ ఆ గీతల నొటేషన్ చిన్నప్పుడే నేర్చుకున్నారు. నేను ఇప్పుడిప్పుడే చదువుతున్నా. ఒక్కసారి కన్ను తీస్తే మళ్లీ చోటు దొరకదు."

ఆమె పక్కవాద్య కళాకారిణి. గాత్రం ఎటు పోతే అటు చెవితో పోవడం ఆమె విద్య. ఇక్కడ చెవికి పని లేదు, కళ్లతో లెక్కపెట్టాలి. లెక్క పెట్టడం రాక కాదు. ఏడు లెక్కలు, ఐదు లెక్కలు గల బార్లు (గీతల నొటేషన్‌లో నిలువు గీతల మధ్య గడులు) మారిమారి వస్తుంటే కాగితం మీద ఆమెకు అవి అంకెలుగానే కనిపిస్తున్నాయి. మృదంగం పెద్దాయన పక్కనుంచి వింటూ, "ఏడంటే మిశ్రచాపే గదమ్మా, ఐదు ఖండచాపు. నీకు రాందా?" అన్నారు. అవి ఆమెకు బాగా తెలిసిన తాళాలే. ఏడాదిగా ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

నేల మీద కూర్చోబెట్టడం ఎందుకు ఆపేశాం

అందరికీ ముందు తట్టిన పరిష్కారం, ఆమెను మామూలుగా నేల మీద కూర్చుని వాయించనివ్వడం. అది ప్రయత్నించాం, ఒక తక్కువ ఎత్తు బల్ల వేసి. చేతికి హాయిగానే ఉంది. కానీ మిగతావాళ్ల కళ్లు పైన, ఆమె కళ్లు కింద. కండక్టర్ లేని బృందంలో ఎప్పుడు ఎత్తుకోవాలో చెప్పుకునేది కళ్లతోనే. పైగా కింది తీగ మీద చిటికెన వేలితో రాసిన భాగాలు ఆ భంగిమలో ఆమెకు అందలేదు. కచేరీ రెండు నెలల్లో ఉంది. దగ్గర్లో కచేరీ పెట్టుకుని వాయించే పద్ధతిని మొదలంటా మార్చడం నాకు ఇష్టం ఉండదు. కొత్త భంగిమ కొత్త నొప్పులు తెస్తుంది, ఆ సమయంలో ఏది దేనివల్లో విడదీయలేం. ఒక్క నెమ్మది రచనకు మాత్రం బల్ల ఉంచి, మిగతావాటికి కుర్చీకే తిరిగొచ్చాం.

పని చేసింది

అసలు మందు నొటేషన్. ఆమె భాగాన్ని ఆమే స్వరాల్లో రాసుకున్నారు, బార్లను ఆవర్తనాలుగా (తాళం చుట్లుగా) మార్చి, మిశ్రచాపు, ఖండచాపు అని పక్కన గుర్తులు పెట్టుకుని. నాలుగు ఆవర్తనాలకు మించిన విరామం ఉన్న ప్రతిచోటా ఎర్ర పెన్నుతో "దించు" అని రాయించాను. దించడం అంటే వయలిన్ తొడ మీదికి, మోచెయ్యి చాచి, వేళ్లు వదులుగా. మళ్లీ ఎత్తాల్సిన చోటుకు ఒక ఆవర్తనం ముందు ఇంకో గుర్తు.

అయినా మొదటివారం భయపడ్డారు. అప్పుడు మృదంగం పెద్దాయనే దారి చూపించారు, తీర్మానం అనే ముగింపు దరువుతో. "నేను చిన్న తీర్మానం ఏస్తాలే పాపా, అది ఇనబడగానే ఎత్తుకో." రచన చేసిన కుర్రాడు వెంటనే ఒప్పుకోలేదు. అతను రాయని దరువు అతని సంగీతంలో ఎందుకుండాలి? అతని అభ్యంతరం న్యాయమైనదే, నేను సంగీతం జోలికి పోలేదు. చెయ్యి ఎన్ని నిమిషాలు వంగి ఉంటే తిమ్మిరి మొదలవుతుందో మాత్రం చెప్పాను. మెత్తగా, వేళ్లతో, ముఖ్యమైన మూడు చోట్ల మాత్రమే వేసేట్టు ఒప్పుకున్నాడు. తర్వాత విని, రెండు చోట్ల తనకే బాగుందని స్కోరులో రాసుకున్నాడు.

కింది తీగ మీద ఒకే స్వరగుచ్ఛం నిమిషాల తరబడి తిరిగే భాగం ఒకటుంది. చిటికెన వేలికి అన్నిటికంటే కష్టమైన చోటు అదే. దాన్ని ఇద్దరు వయలిన్ వాళ్లూ మార్చుకుంటూ వాయించేట్టు పంచారు. చేతులు లేని గట్టి కుర్చీలు తెచ్చారు, స్టాండు ఎవరిది వారికి అయింది. కాగితాలకు బట్టల క్లిప్పులు పెట్టి ఫ్యాన్లు వేశారు. కర్నూలు ఎండల్లో ఆ క్లిప్పులు నేనిచ్చిన వ్యాయామాల కంటే ఎక్కువ మేలు చేశాయేమో. ఇన్ని ఒకేసారి మార్చితే ఏది పని చేసిందో తెలియదని కొందరు సహోద్యోగులు అంటారు. అది నిజం. అందుకే "దించు" గుర్తులను కుర్చీల కంటే ఒక వారం ముందు పెట్టించాను. ఆ ఒక్క మార్పుతోనే తిమ్మిరి పావుగంట నుంచి 40 నిమిషాలకు జరిగింది. మిగతావి దాన్ని ఇంకా వెనక్కి నెట్టాయి.

అప్పుడు నరం వ్యాయామాలు మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి నా ముందే, లెక్కపెట్టి. భుజం, రెక్క ఎముక కండరాలకు బలం ఇచ్చే వ్యాయామాలు కలిపాం. ఇంటి సాధన 20 నిమిషాలు వాయించడం, 10 నిమిషాలు ఆపడం. కచేరీకి వచ్చేసరికి ఆమె పూర్తి కార్యక్రమం తిమ్మిరి లేకుండా వాయించగలిగారు. మోచేతిని వంచి ఉంచే పరీక్షలో అరనిమిషానికి వచ్చేది ఒకటిన్నర నిమిషం దాటాక గానీ రాలేదు.

నేర్చుకున్నది

ఇప్పుడు వాయిద్యకారులు వస్తే రోజుకు ఎన్ని గంటలు వాయిస్తారని మాత్రమే అడగను. వాయిద్యం ఒంటి మీద ఎంతసేపు ఉంటుందని కూడా అడుగుతాను. ఆ రెంటికీ ఎంత తేడా ఉంటుందో వాళ్లకే తెలియదు. విరామం, శ్రుతి చేసుకోవడం, ఇంకొకరి భాగం సరిచేస్తుంటే ఎదురుచూడడం, ఇవన్నీ కలిపితే వాయించిన సమయాన్ని మించిపోవచ్చు. మృదంగం, డోలు వాయించేవాళ్లకు ఇదే ప్రశ్న మోకాళ్ల గురించి అడగాలి.

ఈ కేసులో తొందరపడకుండా ఆగగలిగింది కొన్ని గుర్తులు లేవు కాబట్టే. మొద్దుబారడం రోజంతా పోకుండా ఉన్నా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరుగుతున్నా, కాగితం పట్టు జారుతున్నా కుర్చీలు మార్చుకుంటూ కూర్చోకూడదు. న్యూరాలజిస్ట్, చేతి సర్జన్ దగ్గరికి వెంటనే పంపాలి. నరం చాలాకాలం నలిగితే తర్వాత ఒత్తిడి తీసేసినా కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఆమె చెయ్యి పూర్తిగా మామూలు కాలేదు. స్కూటీ మీద నంద్యాల దాకా వెళ్తే చిటికెన వేలు ఇప్పటికీ జివ్వుమంటుంది, అప్పుడు దారిలో ఒకచోట ఆపి చెయ్యి చాచుకుంటారు. గీతల నొటేషన్ చదవడం ఇప్పుడు బాగానే వచ్చింది, కానీ కొత్త రచన చేతికి రాగానే ముందు స్వరాల్లోకి రాసుకునే అలవాటు మానలేదు. రెండో వయలిన్ అబ్బాయి చేతిని కూడా పరీక్షించాను, ఏ ఇబ్బందీ లేదు. కింది తీగ భాగాన్ని ఇద్దరూ ఇప్పటికీ సగం సగమే పంచుకుంటున్నారు.